బల్ల ఎక్కడ పెడుతున్నావో ముందు చెప్పు

చిన్నా,

సీసం కరిగించి సొంతంగా పోసుకున్న బుల్లెట్లకి సైజింగు (అంటే ఉక్కు డై రంధ్రంలోంచి తోసి సరైన సైజుకి తేవడం), లూబు (మైనం లాంటి కందెన పట్టించడం) కూడా ఇంట్లోనే చేసుకుంటావట, దానికో బల్ల పెడుతున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవిడ గొంతు వింటే నేను నిన్ను ఆపుతానేమోనని ఆశపడుతున్నట్టే ఉంది. నేను ఆపను. మనవాళ్ళలో ఇన్నాళ్ళకి ఒకడు కొన్న తూటాతో కాకుండా తన చేత్తో చేసుకున్న తూటాతో టార్గెట్ కొడతానంటే నాకు సంబరంగా ఉండదా? ఉంది. కాకపోతే ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నా. ఫోన్లో అయితే "సరే బాబాయ్, సరే బాబాయ్" అంటూ సగం వినవు, నాకు తెలుసు.

చట్టం సంగతి ఒక్క ముక్క. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు సొంతంగా తయారుచేసుకోవచ్చని కాదు, అది ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. క్లబ్బులో ఎవరో పర్లేదన్నారని ఊరుకోకు. లైసెన్సు ఇచ్చినవాళ్ళనే అడుగు, జవాబు కాగితం మీద తీసుకో. అది చేతికొచ్చాకే మిగతావన్నీ.

బల్ల తయారీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బరువుగా ఉండాలి, ఊగకూడదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు అతికిస్తే చాలు. యంత్రాన్ని బల్ల మధ్యలో పెట్టకు, ముందు అంచుకి దగ్గరగా, వీలైతే బల్ల కాలికి సరిగ్గా పైన వచ్చేలా బిగించు. చెక్క స్క్రూలు వద్దు, పైనుంచి కింది దాకా దిగే బోల్టులు వేసి కింద వెడల్పాటి వాషర్లు పెట్టు. పిడి దించేటప్పుడే కాదు, డైలో బిగుసుకున్న బుల్లెట్‌ని పైకి తెచ్చేటప్పుడు కూడా యంత్రం బల్లని లాగుతూనే ఉంటుంది, స్క్రూలైతే కొన్నాళ్ళకి వదులైపోతాయి. బల్లని గోడకి కూడా బిగించు. పైన నున్నటి లామినేటో, పల్చటి స్టీలు రేకో వేసి అంచులు, సందులు మూసెయ్యి. అది అందం కోసం కాదు, ఎందుకో తర్వాత చెప్తా.

లైటు నెత్తిమీద కాకుండా పక్కనుంచి పడాలి. బుల్లెట్ అడుగు అంచు పదునుగా వచ్చిందా, గుండ్రంగా మొద్దుబారి వచ్చిందా అన్నది పక్క వెలుగులోనే తెలుస్తుంది. అడుగు సరిగ్గా లేనిదాన్ని మొహమాటపడకుండా మళ్ళీ కరిగించే దాంట్లో పడెయ్యి. ముక్కు మీద చిన్న ముడత ఉన్నా పోనీలే అనుకోవచ్చు, అడుగు దగ్గర మాత్రం అలా కుదరదు. బారెల్‌ని ఆఖర్న వదిలేది అడుగే కదా, ఒక పక్క కొరత ఉంటే గ్యాసు ఆ పక్కనుంచి ముందు తప్పించుకుని బుల్లెట్‌ని రెండో పక్కకి తోస్తుంది. టార్గెట్ మీద గుళ్ళ గుంపు ఎందుకు చెదురుతోందో అర్థంకాక నెలల తరబడి తూటాలో మందు పౌడరు మార్చి మార్చి చూసేవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఒక్క భూతద్దంతో పోయేదానికి.

ఆ బల్ల మీద సీసం కరిగించే కుండ పెట్టకు. పౌడరు, దాన్ని అంటించే ప్రైమర్లు అసలే పెట్టకు. లూబు మెత్తబడడానికి కింద హీటరు ఉంటుంది, చేతులనిండా జిడ్డు ఉంటుంది, ఆ జిడ్డు ప్రైమర్‌కి అంటితే అది పేలకపోవచ్చు. వేర్వేరు పనులకి వేర్వేరు చోట్లు. చోటు లేదంటే వేర్వేరు రోజులు.

ఏ యంత్రం కొనాలని క్లబ్బులో అందర్నీ అడుగుతున్నావట. నన్నడగలేదు, సర్లే. నీ దగ్గర తూటాలు నింపే రీలోడింగ్ ప్రెస్ ఎలాగూ ఉంది కాబట్టి దానికి బిగించే లీ కంపెనీ తోపుడు డైతో మొదలుపెట్టు. బుల్లెట్ అడుగు పంచ్ మీద ఆనుతుంది, పిడి లాగితే ముక్కు ముందుగా డైలోకి దూరి పైన డబ్బాలో పడుతుంది. అడుగుని తోస్తుందే గాని ముక్కుని నొక్కదు, కాబట్టి ఆకారం చెడదు. లూబు విడిగా పెట్టుకోవాలి. ద్రవంగా దొరికే అలాక్స్ అనే లూబు నాలుగు చుక్కలు వేసి డబ్బాలో అటూ ఇటూ దొర్లించి, రాత్రంతా ఆరనివ్వాలి. ఎక్కువ వేస్తే ఎప్పటికీ ఆరదు, జిగురుగానే ఉంటుంది. కొత్తవాళ్ళందరూ ఎక్కువే వేస్తారు.

లైమన్ 450, 4500, ఆర్‌సీబీఎస్ లూబ్-ఎ-మ్యాటిక్ లాంటి యంత్రాలు రెండు పనులూ ఒకేసారి చేస్తాయి. వాటిలో బుల్లెట్ అడుగు కిందకుండేలా నిలబెడితే పై పంచ్ ముక్కుని నొక్కి డైలోకి దించుతుంది, డై గోడలకున్న రంధ్రాల్లోంచి లూబు బుల్లెట్ చుట్టూ ఉన్న గాడుల్లోకి నిండుతుంది, పిడి ఎత్తితే బుల్లెట్ మళ్ళీ పైకొస్తుంది. చిక్కంతా ఆ పై పంచ్ దగ్గరే. ముక్కు ఆకారానికి అది సరిగ్గా అమరాలి. గుండ్రటి ముక్కు మీద చదును పంచ్ పెడితే ముక్కు నలుగుతుంది. అంతకన్నా పెద్ద బాధ, బుల్లెట్ కొంచెం ఒరిగి దిగి ఒక పక్కన మాత్రమే సీసం చెక్కుకుపోతుంది. పైకొచ్చిన బుల్లెట్ ఒక పక్క మెరుస్తూ రెండో పక్క మసగ్గా ఉంటే అదే కారణం. స్టార్ యంత్రం వీటన్నిటికన్నా వేగం, ముక్కు ముందుగా పైనుంచి తోసి కింద వదిలేస్తుంది. కానీ నీకిప్పుడు వేగంతో పనేంటి? వారానికి వంద కాల్చేవాడివి.

డై ఏ సైజు తీసుకోవాలి? ఇక్కడ కాస్త ఆగి చదువు. పుస్తకాల్లో .38 స్పెషల్‌కి 0.358 అంగుళం, .45 ఏసీపీకి 0.452, 9 ఎంఎంకి 0.356 అని రాసి ఉంటుంది. అవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకెలు, అంతే. నీ తుపాకీ ఏ అంకెకి ఒప్పుకుంటుందో నీ తుపాకీనే అడగాలి. మెత్తటి స్వచ్ఛమైన సీసం ముక్క తీసుకుని, ఖాళీ చేసి శుభ్రంగా తుడిచిన బారెల్‌కి నూనె రాసి, ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా అవతలికి తోసి, బయటికొచ్చిన ముక్కని మైక్రోమీటరుతో కొలువు. వెర్నియర్ కాలిపర్‌తో కాదు, అంగుళంలో వెయ్యో వంతు దగ్గర దాన్ని నమ్మలేం. బారెల్ లోపలి గాడుల దగ్గర వ్యాసం ఎంతుందో దానికన్నా వెయ్యో వంతు, మహా అయితే రెండు వెయ్యో వంతులు పెద్దగా ఉండాలి బుల్లెట్. నీ బారెల్‌లో ఐదు గాడులుంటే ఒక గాడికి ఎదురుగా ఇంకో గాడి రాదు, మామూలు మైక్రోమీటరు తప్పు చూపిస్తుంది, వి ఆకారం ఆనకం ఉన్నది కావాలి. నా దగ్గరుంది, ముక్క పంపిస్తే నేనే కొలుస్తా.

నీది రివాల్వర్ కాబట్టి ఇంకో మెలిక ఉంది. సిలిండర్ గదుల ముందు భాగంలో సన్నబడే గొంతు ఉంటుంది చూడు, సైజు చేసిన బుల్లెట్ ఆ గొంతులోంచి వేలితో కొంచెం ఒత్తితే జారాలి. దానంతటదే పడిపోతే చిన్నది, సుత్తి కావాలంటే పెద్దది. ఆరు గదులూ చూడు, ఒక్కటి చూసి వదిలెయ్యకు. గొంతులు బారెల్ గాడుల వ్యాసం కన్నా చిన్నవిగా ఉంటే నువ్వు ఎంత సరైన డై వాడినా బుల్లెట్ అక్కడే నలిగి చిన్నదైపోయి బారెల్లోకి వస్తుంది. అప్పుడు మార్చాల్సింది డైని కాదు, గొంతుల్ని, అదీ పనితెలిసిన గన్‌స్మిత్ చేతులో.

బారెల్లో సీసం అతుక్కుంటోందంటే చాలామంది ముందు అనే మాట "సీసం మెత్తగా ఉంది, గట్టి మిశ్రమం వాడు" అని. గట్టిదనం కొలిచే బ్రినెల్ లెక్కలో స్వచ్ఛమైన సీసం 5, కారు చక్రాలకి బిగించే పాత బరువుల సీసం 9 దాకా, లైమన్ నంబర్ 2 మిశ్రమం 15, అచ్చుయంత్రాల లైనోటైప్ 22. లైనోటైప్‌తో పోసిన బుల్లెట్లతో కూడా బారెల్ నిండా సీసం పేరుకోవడం నేను చూశాను. మిశ్రమం గట్టిదే, బుల్లెట్టే చిన్నది. పక్కనున్న సందులోంచి వేడి గ్యాసు దూసుకుపోతూ బుల్లెట్ పక్కల్ని కోసేస్తుంది, కోసిన సీసమే బారెల్‌కి అంటుతుంది. కాబట్టి ముందు సైజు చూడు, మిశ్రమం సంగతి తర్వాత. ఒకవేళ అంటుకుంటే, రాగి తొడుగున్న జాకెట్ బుల్లెట్ ఒకటి కాలిస్తే ఊడ్చుకుపోతుందని ఎవడైనా చెప్తే వాడి మాట వినకు. ఇరుకైన బారెల్లో ఒత్తిడి పెరుగుతుంది. రాగి తీగ పీచు బ్రష్షుకి చుట్టి ఓపిగ్గా రుద్దు, వస్తుంది.

ఇంకొకటి, ఒకే డైలోంచి వచ్చినా గట్టి మిశ్రమం కొంచెం పెద్దగా బయటికొస్తుంది, మెత్తటిది కొంచెం చిన్నగా. అందుకని డై మీద చెక్కిన అంకె చూసి లేబుల్ రాయకు, బయటికొచ్చినదాన్ని కొలిచి రాయి. మూసలోంచి వచ్చేటప్పటికే బుల్లెట్ నీకు కావలసిన సైజుకి దగ్గర్లో ఉండాలి. మూడు వెయ్యో వంతులకన్నా ఎక్కువ నొక్కాల్సి వస్తే లూబు గాడులు మూసుకుపోతాయి, అడుగు వంకరపోతుంది, అప్పుడు డైలతో కుస్తీ పట్టడం కన్నా మూస మార్చుకోవడం మేలు. నీళ్ళలో పడేసి గట్టిపరిచే పద్ధతి మొదలుపెడితే మాత్రం పోసిన రోజే సైజు చేసెయ్యి. గట్టిపడ్డాక నొక్కితే నొక్కిన పైపొర మళ్ళీ మెత్తబడుతుంది, పడిన కష్టమంతా వృథా.

సరే. ఇప్పుడు నాకు నిద్రపట్టనివ్వని సంగతి.

మీ అమ్మ చెప్పింది, బల్ల ఇంట్లోనే కిటికీ ఉన్న గదిలో పెడుతున్నావని. బాబు పాకుతున్నాడని కూడా చెప్పింది. ఈ రెండు మాటలూ ఒకే ఫోన్లో విన్నాను.

మీ నాన్న ఈ పని ఎందుకు మానేశాడో నీకు చెప్పి ఉండడు. అడిగితే టైము లేకనో, కళ్ళు ఆనకనో అంటాడు. నేను చెప్తున్నానని తెలిస్తే కోపం వస్తుంది, రానీ. మీ అక్కకి కూడా సగమే తెలుసు.

మీ నాన్నంత జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు. సీసం కరిగించడం ఎప్పుడూ ఆరుబయటే, గాలి వీపు మీదకి వచ్చేలా నిలబడి, కళ్ళద్దాలు, తోలు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా. ఎండాకాలమైనా సరే చొక్కా చేతులు మడిచేవాడు కాదు, కుండలో చెమట చుక్క పడినా సీసం పేలినట్టు ఎగురుతుందని. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, మనం పోసే వేడి దగ్గర ఆవిరి కన్నా పైన తేలే మడ్డి, దాని బూడిదే ప్రమాదమని ఆ రోజుల్లోనే చదువుకున్నాడు. మడ్డిని మూతున్న డబ్బాలోకి తీసేవాడు. నాకు ఈ పని నేర్పింది కూడా ఆయనే, నేను గ్లవ్స్ లేకుండా మూస పట్టుకుంటే వీపు మీద ఒక్కటిచ్చాడు.

అంత చేసిన మనిషి సైజింగ్ యంత్రాన్ని మాత్రం ఇంట్లో పెట్టుకున్నాడు. హాలుకి ఆనుకున్న చిన్న గదిలో. ఎందుకంటే ఇది చల్లటి పని. పొగ లేదు, మంట లేదు, వాసనంటే తేనెమైనం వాసన, అది బాగానే ఉంటుంది. గదిలో తివాచీ ఉండేది, కూర్చుంటే కాళ్ళకి హాయిగా ఉంటుందని తీయలేదు. సాయంత్రం రేడియో పెట్టుకుని పిడి దించుతూ, ఎత్తుతూ, గంటలకొద్దీ కూర్చునేవాడు. మీ అక్క అప్పుడు సరిగ్గా నీ కొడుకు వయసు. గుమ్మందాకా పాకుతూ వచ్చి చేతులు చాచేది. మీ నాన్న లేచి, పక్కనున్న గుడ్డకి చేతులు తుడుచుకుని ఎత్తుకునేవాడు. బుల్లెట్లు ముట్టుకోనిచ్చేవాడు కాదు, ఆ మాట చెప్పాలి. ఒక్కటి కూడా ముట్టుకోనివ్వలేదు.

పిల్లకి ఏడాదిన్నర వచ్చేసరికి మొహం పాలిపోయింది. తిండి తినదు, చిరాకు, నిద్ర లేదు. రక్తం తక్కువగా ఉందన్నారు, ఐరన్ సిరప్ ఇచ్చారు, లాభం లేకపోయింది. ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ సీసం పరీక్ష రాసింది. ఫలితం చూసి అడిగింది, "ఇంట్లో ఎవరైనా సీసంతో పని చేస్తారా?" అని.

మీ నాన్న లేదన్నాడు.

అబద్ధం చెప్పలేదురా. ఆయన దృష్టిలో ఆయన పని ఆఫీసులో, ఫైళ్ళ మధ్య. ఇది పని కాదు, సరదా. పైగా సీసం అంటే కరిగించడం, అది బయట, అంత జాగ్రత్తగా. ఇంట్లో సీసం ఉందన్న ఆలోచనే రాలేదు. గోడల రంగు గురించి అడిగారు, నీళ్ళ గొట్టాల గురించి అడిగారు, అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పాడు. మీ అమ్మే పక్కనుంచి అంది, "మరి సింకు దగ్గర తువ్వాలుకి రోజూ అంటే ఆ నల్ల మరక ఏంటండీ?" అని.

ఆ తువ్వాలుతోనే పిల్ల మూతి కూడా తుడిచేవాళ్ళు.

నీకు ఇది అర్థం కావాలి. డైలో సైజు చేసినప్పుడల్లా కంటికి కనపడనంత సీసం చెక్కుకుపోతుంది. ఒట్టి పొడి అయితే ఎక్కడో రాలిపోయేది. లూబుతో కలిసి అది నల్లటి జిడ్డవుతుంది. గోళ్ళ సందుల్లో, గడ్డంలో, తలుపు పిడికి, కుళాయి తలకి, చొక్కా గుండీకి, అన్నిటికీ అంటుతుంది, ఒట్టి నీళ్ళతో కడిగితే కదలదు. పెద్దవాళ్ళు మింగిన సీసంలో ఒంటికి పట్టేది పదో వంతు అటూ ఇటూగా ఉంటే పిల్లలకి సగం దాకా పడుతుంది. ఐరన్, కాల్షియం తక్కువున్న పిల్లలకి ఇంకా ఎక్కువ. మీ అక్కకి రక్తం తక్కువైనకొద్దీ సీసం ఎక్కువ పట్టింది, సీసం పట్టినకొద్దీ రక్తం ఇంకా తగ్గింది. అమెరికాలో ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్ళు పిల్లల రక్తంలో ఆందోళన పడాల్సిన సీసం గీత 1991లో డెసిలీటరుకి 10 మైక్రోగ్రాములన్నారు, 2012లో 5 చేశారు, 2021లో 3.5కి దించారు. ఇంతదాకా ఫర్వాలేదని చెప్పగల గీత అసలు లేదు.

తివాచీ తీసి పారేశారు. గది మొత్తం తడిగుడ్డలతో మళ్ళీ మళ్ళీ తుడిచారు, మీ అమ్మ ఒక్కతే, మీ నాన్నని ఆ గదిలోకి రానివ్వలేదు. రక్తంలో సీసం నెలనెలా తగ్గుతూ వచ్చింది. రక్తంలోది సగానికి దిగడానికి ఇంచుమించు నెల పడుతుంది, ఎముకల్లో చేరింది మాత్రం ఏళ్ళకేళ్ళు ఉండిపోతుంది. మీ అక్క బాగానే ఉంది, నీకన్నా తెలివైంది, ఆ సంగతి నువ్వూ ఒప్పుకుంటావు. కానీ తను బళ్ళో చదివినన్నాళ్ళూ, లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గినప్పుడల్లా మీ నాన్న ఆ ప్రోగ్రెస్ కార్డు చేత్తో పట్టుకుని ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం నేను చూశాను. పిల్లలందరికీ తగ్గుతాయన్నయ్యా అంటే వినేవాడు కాదు.

అందుకే, ఆ గది వద్దు. గ్యారేజీయో, బయటికి విడిగా తలుపున్న షెడ్డో, ఏదో ఒకటి చూడు. లేకపోతే ఇంకో నాలుగేళ్ళు ఆగు, బుల్లెట్లు ఎక్కడికీ పోవు. బాబు ఆ గుమ్మం దాటి లోపలికి రాకూడదు, నువ్వు చూస్తున్నా సరే, ఎత్తుకునైనా సరే. నేల సిమెంటో, టైల్సో అయ్యుండాలి. చీపురు పట్టుకోకు, మామూలు వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, అది పొడిని గాల్లోకి లేపుతుంది, తడి కాగితంతో తుడిచి సంచిలో కట్టి పడెయ్యి. బల్ల మీద లామినేట్ వెయ్యమన్నది ఇందుకే, చెక్క రంధ్రాల్లోకి ఒకసారి దిగిన జిడ్డు మళ్ళీ రాదు. ఆ గదికి ఒక జత చెప్పులు, ఒక పాత చొక్కా, అవి ఇంట్లోకి రాకూడదు, ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు. పల్చటి నైట్రైల్ గ్లవ్స్ వేసుకో. పనయ్యాక చేతుల జిడ్డు ముందు కాగితంతో తుడిచి, తర్వాత సబ్బుతో, గోళ్ళకి బ్రష్షు పెట్టి కడుక్కో. శానిటైజర్ రాసుకుంటే సూక్ష్మజీవులు చస్తాయేమో గాని సీసం చావదు. కడుక్కునే ముందు కుళాయి తిప్పిన చెయ్యి ఏదో, కడుక్కున్నాక మళ్ళీ అదే కుళాయి కట్టిన చెయ్యి ఏదో చూసుకో, మోచేత్తో తిప్పే కుళాయి పెట్టించుకుంటే ఆ గొడవే ఉండదు.

ఇంక నీ ఫోను. మీ నాన్న రోజుల్లో ఇది లేదు. పది నిమిషాలు ఫోను ముట్టుకోకుండా ఉండలేవు నువ్వు, ప్రతి బుల్లెట్‌కీ ఫోటో తీసి ఎవరికో పంపాలి. ఆ జిడ్డు చేత్తో పట్టుకున్న ఫోనే లోపలికొచ్చి బాబు చేతిలో ఉంటుంది, ఆ తర్వాత నోట్లో. ఫోను ఇంట్లో వదిలి వెళ్ళు. తిట్టుకుంటే తిట్టుకో.

అక్కడ టీ తాగకు, ఏమీ తినకు, ఇది చెప్పక్కర్లేదనుకుంటా. కాల్చిన గుళ్ళ గొట్టాలు పొడిగా దొర్లించి శుభ్రం చేసే యంత్రం కూడా బయటే నడుపు, ప్రైమర్లలో కూడా సీసం సమ్మేళనం ఉంటుంది, ఆ దుమ్ము సైజింగ్ జిడ్డుకన్నా చెడ్డది. మొదలుపెట్టకముందే నువ్వు, బాబు, కోడలు ముగ్గురూ ఒకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి, తర్వాత పోల్చి చూసుకోడానికి ఒక అంకె ఉండాలి. ఆర్నెల్లకోసారి మళ్ళీ. డాక్టరు "సీసంతో పని చేస్తారా?" అంటే ఏం చెప్పాలో ఇప్పుడు నీకు తెలుసు.

భయపెట్టేశానా? సరే, లూబు సంగతి చెప్తా, అది నీకు నచ్చే భాగం. అమెరికా రైఫిల్ సంఘం ఎన్‌ఆర్‌ఏ పాత సూత్రం సగం తేనెమైనం, సగం అలాక్స్ 2138ఎఫ్. మెత్తటి లూబుతోనే మొదలుపెట్టు, హీటరు లేకుండా పారుతుంది. కార్నౌబా మైనం కలిసిన గట్టి లూబులకి యంత్రం అడుగున హీటరు తప్పదు, అది లేకుండా పిడి తిప్పితే మర చుట్లు తెగుతాయి తప్ప లూబు కదలదు. సొంతంగా కలుపుకుంటానంటే నేరుగా మంట మీద పెట్టకు, వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించు. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీలకే కరుగుతుంది, అంతకుమించిన మంట దేనికి? ఆ గిన్నెలు వంటగదిలోంచి తేకు, మళ్ళీ వంటగదిలోకి పోకూడదు.

యంత్రంలో ఒత్తిడి తక్కువైతే గాడులు సగమే నిండుతాయి, ఎక్కువైతే లూబు బుల్లెట్ అడుక్కి చేరుతుంది. అడుగున లూబుంటే అది పౌడరుకి అంటుతుంది, అందుకని ప్రతి అడుగూ ఒక గుడ్డ మీద ఒక్క తిప్పు తిప్పి చూడు. ఒక బుల్లెట్‌కి నిండి రెండోదానికి నిండకపోతే లోపల గాలి బుడగ ఉన్నట్టు, యంత్రం చెడిపోయిందని విప్పి కూర్చోకు, కొంచెం వెచ్చబెట్టి ఒత్తిడి పెంచు. బుల్లెట్‌కి లేని గాడికి ఎదురుగా డైలో రంధ్రం ఉంటే దాన్ని మూసెయ్యాలి. చిన్న సీసపు గుండ్లు కొట్టి మూస్తారు, నేను చూపిస్తా. ఈ మధ్య బుల్లెట్‌కి రంగు పొడి పూసి ఓవెన్‌లో కాల్చే పౌడర్ కోటింగ్ చాలామంది చేస్తున్నారు, లూబే అక్కర్లేదు, చేతికి జిడ్డూ ఉండదు, నిజం చెప్పాలంటే నీ ఇంటి పరిస్థితికి అదే మంచిదేమో కూడా ఆలోచించు. 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాల్చాలి, వంటకి ఎప్పుడూ వాడని, ఇక ముందు వాడని ఓవెన్‌లో. పూత మందం కూడా కలుస్తుంది కాబట్టి పూత తర్వాత సైజు చెయ్యి. కాకపోతే పూత వేసింది కదా అని చేతులు కడుక్కోవడం మానకు.

డబ్బాల మీద మూస, మిశ్రమం, కొలిచిన సైజు, లూబు, తేదీ రాసి పెట్టు. గుర్తుంటుందిలే అనుకుంటావు, ఉండదు.

మీ నాన్న యంత్రం అమ్మేశానని నీకు చెప్పి ఉంటాడు. అమ్మలేదు. లైమన్ 450, నా దగ్గరే ఉంది, పారెయ్యమని ఇచ్చాడు, నేను పారెయ్యలేదు. విప్పి కడిగి, రబ్బరు రింగులు మార్చి పెట్టా. ఆర్‌సీబీఎస్ డైలు, పై పంచ్‌లు కూడా దానికి పడతాయి, కాబట్టి విడిభాగాలకి ఇబ్బంది ఉండదు. షెడ్డు ఖాయం చేసి, రక్తపరీక్ష కాగితాలు నాకు చూపించిన రోజు పంపిస్తా, దానికి కొత్తది కొనే డబ్బు మైక్రోమీటరు మీద పెట్టుకో. దాంతో 0.358 డై ఉంది గాని నీ సిలిండర్ గొంతులు కొలిచేదాకా అది నీకు సరిపోతుందని అనుకోకు. సీసం ముక్క తోసి పంపించు. ఆదివారం ఫోన్ చెయ్యి, అప్పటిదాకా బల్లకి రంధ్రాలు మాత్రం కొట్టకు.

మీ బాబాయ్